బంగారుకొండలోని పూటకూళ్లయిల్లు

పూటకూళ్లయిల్లన నేమో పెద్దలైన మీకు నేను చెప్పనవసరము లేదు. కోర్టుపనిమీద పట్టణమునకు పోయినప్పుడును, పిల్లవానిని పరీక్షకు తీసికొని పోయినప్పుడును, తీర్థయాత్రలలోను మనలను ఆదుకొన్న ఇల్లది. అచ్చట కూడు పెట్టువారు ఏయూరివారో, ఏ కష్టము వచ్చి ఆ పొయ్యి రాజవేసిరో మనము సాధారణముగా విచారింపము. విస్తరి యెత్తి, డబ్బిచ్చి, మన దారిని మనము పోవుదుము. ఈ దినమున నేను అట్టి యింటి కథ యొకటి చెప్పదలచితిని. అది మన దేశములోనిది కాదు. అమెరికాలో పసిఫిక్ మహాసముద్రపు టొడ్డున నున్న శాన్‌ఫ్రాన్సిస్కో నగరములోనిది. దానిని నడుపువారు చైనాదేశపు దక్షిణకోణమున నున్న కాంటన్ ప్రాంతమునుండి వలసవచ్చినవారి సంతతి.

నేనక్కడ మా అమ్మాయి యింట కొన్ని నెలలుంటిని. అమ్మాయియు అల్లుడును ఉదయముననే తమ పనులకు పోవుదురు. మధ్యాహ్నము ఒంటరిగా వీథులవెంట నడచుట నాకలవాటయ్యెను. ఆ నగరములో చైనాపేట యని పేరుపొందిన పాతపేట యొకటి కలదు. దూరదేశములవారు దానిని చూడవత్తురు. నేను చెప్పునది అందులోనిది కాదు. నగరపు పడమటి కొసను, సముద్రపు పొగమంచు మధ్యాహ్నమువరకు విడువని యిండ్లవరుసలలో, బట్టలుతుకు దుకాణమునకును మందుల దుకాణమునకును నడుమ నున్న చిన్న భోజనశాల. లోపల ఎనిమిది బల్లలు. వీథివైపు అద్దములో కాల్చిన బాతులు వరుసగా వ్రేలాడుచుండును. నేను మాంసము ముట్టనివాడను గనుక ఆ అద్దమును చూచి రెండుమారులు గడపదాక పోయి వెనుకకు వచ్చితిని. మూడవనాడు చలి నన్ను లోపలికి త్రోసినది.

యజమాని నా యీడువాడు. కూర్చున్నంతనే, అడుగకమునుపే, పాలును చక్కెరయు లేని వేడి తేనీరు ముందు పెట్టెను. నా నియమము చెప్పగా నవ్వి, తన తల్లియు నెలకు రెండుదినములు, అనగా చాంద్రమాసమున మొదటినాడును పదునైదవనాడును, మాంసము ముట్టెడిది కాదనెను. మన యేకాదశి నాకు జ్ఞప్తికి వచ్చినది. పిమ్మట ఆయన తెచ్చినది గిన్నెడు జావ. బియ్యమును పదింతల నీటిలో గింజ విచ్చిపోవునట్లు గంటలతరబడి ఉడికించి, సన్నగా తరిగిన అల్లమును ఉల్లికాడలును పైన చల్లి యిచ్చినది. కాంటన్‌వారు దానిని 'జుక్' అందురు. ఆంగ్లేయులు మాత్రము 'కాంజీ' యందురు. ఆ మాట మన దక్షిణదేశపు గంజియే. పోర్చుగీసువారి నోటబడి, ఓడలెక్కి, ఆంగ్లభాషలో జొరబడినది. ఏడు సముద్రములు దాటి పోయి నేను త్రాగినది గంజియే యని తెలిసి నాకు నవ్వు వచ్చినది. తేనీటి సంగతియు నిట్టిదే. 'చా' యనుట కాంటన్‌వారి పలుకు. 'టే' యనుట వారికి తూర్పుగా నున్న అమాయ్ రేవువారి పలుకు. మన నోట 'చాయ' యనియు 'టీ' యనియు రెండును నిలిచినవి.

నాటినుండి వారమునకు రెండుమూడు పర్యాయములు పోవుచుంటిని. మనుమరాలికి తినిపించు అవ్వలు, సంచి ప్రక్కన పెట్టుకొని గబగబ తిను తపాలా జవాను, పత్రిక చదువుచు గిన్నె తేనీటితో గంట గడుపు ముసలివారు, వీరే యచ్చటి జనము. ప్రక్కవాడు తేనీరు పోసినప్పుడు మాటాడుటకు మారుగా రెండు వ్రేళ్లతో బల్లమీద తట్టుదురు. అది వారి కృతజ్ఞత. కడవలో నీరు నిండుకొన్నదని చెప్పుటకు మూత తిరుగవేసి పెట్టుదురు. వంటగదిలోనుండి బాణలిలో గరిట తిరుగు చప్పుడు ఎడతెగక వినవచ్చును. కూర సన్నగా తరిగి, పెద్దమంటమీద రెండుమూడు నిమిషములలో వేచి దింపుదురు. వంటచెరకు కరవైన దేశమున పుట్టిన నేర్పది.

ఒకనాడు గోడమీద నొక వింత చూచితిని. వ్యాపారపు అనుమతిపత్రముపై ఆంగ్లాక్షరములతో యజమాని యింటిపేరు కలదు. దాని ప్రక్కనే యొక వృద్ధుని పటము, క్రింద చైనా అక్షరములు. ఆ పటము తన తాతదని యాయన చెప్పియుండెను. చైనాలిపి చదువనేర్చిన మా అమ్మాయి పొరుగామె ఒకతె నాతో వచ్చి, ఆ అక్షరములను చదివి, తాత యింటిపేరు వేరు, మనుమని యింటిపేరు వేరు అని మెల్లగా చెప్పెను. తండ్రి తండ్రియే గదా, యింటిపేరు మారుట యెట్లు? నేను కొన్నినాళ్లు తాళి, పరిచయము ముదిరినపిమ్మట అడిగితిని. "అది కాగితము పేరు, ఇది ఇంటి పేరు" అని మాత్రము చెప్పి ఆయన వంటగదిలోనికి పోయెను. ఆ రెండుమాటల వెనుక నూటయేబది యేండ్ల చరిత్ర యున్నది. దానినే యిప్పుడు విన్నవింతును.

కాంటన్ నగరము ముత్యాలనది యనునదీముఖమున నున్నది. 1757 మొదలు 1842 వరకు పాశ్చాత్యులు ఓడలలో వచ్చి వర్తకము చేయుటకు చైనా చక్రవర్తులు తెరచియుంచిన రేవు అదియొక్కటే. మన దేశమున పండించిన నల్లమందును ఆంగ్లవర్తకులు ఆ త్రోవనే చైనాకు చేర్చిరి. దానినిగూర్చియే 1839 మొదలు 1842 వరకు యుద్ధము జరిగినది. ఆ నదికి పడమట 'సెయ్ యప్', అనగా నాలుగు తాలూకాలు, అను ప్రదేశము కలదు. కొండలు హెచ్చు, సాగునేల తక్కువ. 1850 తరువాత అంతర్యుద్ధములును, స్థానికులకును హక్కాలను వలసజాతికిని కలహములును ఆ సీమను పీడించినవి. సరిగా ఆ కాలముననే, 1848లో, కాలిఫోర్నియాలో బంగారము దొరికినదను వార్త వచ్చినది. ఆ దేశమునకు వారు 'గమ్ సాన్', అనగా బంగారుకొండ, అని పేరు పెట్టిరి. ఓడకూలి అప్పుచేసి, ఆలుబిడ్డలను విడిచి బయలుదేరిరి. 1852వ సంవత్సరమొక్కదానిలోనే శాన్‌ఫ్రాన్సిస్కోలో 20 వేలమంది చైనావారు దిగిరి. మన గోదావరి, విశాఖ మండలములవారు కూలికై రంగూనునకు పోయినట్లే వారును పోయిరి. సంపాదించి తిరిగివత్తుమనియే పోయిరి.

పోయినవారి వెంట వంటయు పోయినది. 1849లోనే శాన్‌ఫ్రాన్సిస్కోలో జాక్సన్ వీథిని కాంటన్ పేరుతో నొక భోజనశాల యుండెను. పసుపుపచ్చని ముక్కోణపు జెండా కట్టిన యిల్లు కనబడినచో అది చైనావారి పూటకూళ్లయిల్లని అందరికిని తెలియుచుండెను. ఆడుదిక్కు లేని ఆ గనుల నగరములో, అన్నిజాతులవారును చవుకగా కడుపునిండ తినగలిగినది అచ్చటనే.

1865 మొదలు చైనాకూలీలు వేలకొలదిగ రైలుమార్గపు పనిలో చేరిరి. సియెర్రా నెవాడా పర్వతములను తొలిచి, మంచుతుపానులలో చచ్చి, 1869 మే 10వ తేదీన అమెరికా రెండుతీరములను కలిపిన మార్గమును పూర్తిచేసినవారిలో పడమటివైపు పనివారు పదింట ఎనిమిది తొమ్మిది పాళ్లు వీరే. తమ వంటవారిని తామే పెట్టుకొని, బియ్యమును ఎండుచేపలును తెప్పించుకొని, కాచిన తేనీరు త్రాగుటచేత ఇతరులకంటె వీరికి రోగములు తక్కువగా వచ్చినవి. 1867 జూన్ మాసమున తెల్లవారితో సమానముగ కూలి యిమ్మని వీరు పని మానిరి. అధికారులు కొట్టలేదు, తిట్టలేదు. కొండపైకి తిండిసామానులు పోకుండ ఆపిరి. వారము దినములలో సమ్మె ముగిసెను. కూటికై వచ్చినవానిని కూటితోనే లొంగదీయుట అన్నిదేశములలోను ఉన్నదే.

రైలుపని ముగిసెను. 1870 ప్రాంతమున వ్యాపారములు క్షీణించి తెల్లకూలీలకు పనులు దొరకవయ్యెను. తప్పు చైనావారిపై పడెను. 1885లో రాక్ స్ప్రింగ్స్ అను బొగ్గుగనుల యూరిలో 28 మంది చైనావారిని గుంపులు చంపినవి. అంతకుముందే, 1882లో, చైనాకూలీలు అమెరికాలో ప్రవేశింపరాదని ప్రభుత్వము చట్టము చేసెను. మొదట పదియేండ్లకని చేసినది 1892లో పొడిగింపబడి, పిమ్మట గడువులేనిదయ్యెను. వర్తకులు, విద్యార్థులు, ఉపాధ్యాయులు, యాత్రికులు మాత్రము రావచ్చును. కూలివాడు రారాదు, ఉన్నవాడు భార్యను తెచ్చుకొనరాదు, చైనావాడెవ్వడును క్రొత్తగా పౌరుడు కారాదు. 1890 నాటికి ఆ దేశమునందలి చైనావారిలో 27 మంది పురుషులకు ఒక్క స్త్రీ మాత్రమే యుండెను.

గనులనుండియు కర్మశాలలనుండియు గెంటబడినవారికి మిగిలినవి రెండే వృత్తులు: బట్టలుతుకుట, వంటచేయుట. తెల్లపురుషులు వానిని ఆడువారి పనులని తలచి పోటీకి రాలేదు. చాకలివృత్తినిసహితము నగరపాలకులు అడ్డగింపజూచిరి గాని, 1886లో అత్యున్నత న్యాయస్థానము ఆ నిర్బంధమును కొట్టివేసెను. పొయ్యి మాత్రము ఆరలేదు. చైనావారందరును పుట్టువంటవారని లోకమనుకొనునది తప్పు. సేద్యగాండ్రు చట్టముచేత వంటవారైరి.

వారిలో నొకని పేరు మనము జ్ఞాపకముంచుకొనదగినది. వాంగ్ కిమ్ ఆర్క్ యనునతడు శాన్‌ఫ్రాన్సిస్కోలోనే పుట్టి వంటపని చేసికొని బ్రతికెను. చైనాకు పోయి 1895లో తిరిగిరాగా, నీవు ఈ దేశపువాడవు కావని అధికారులు అతనిని ఓడనుండి దిగనీయలేదు. అతడు న్యాయస్థానమున పోరాడెను. 1898లో అత్యున్నత న్యాయస్థానము, అమెరికాగడ్డపై పుట్టినవాడు, తలిదండ్రులు చైనావారైనను, అమెరికాపౌరుడే యని తీర్పు చెప్పెను. ఆ గడ్డపై వలసవచ్చినవారికి పుట్టిన బిడ్డల హక్కునకు ఒక వంటవాని వ్యాజ్యమే ఆధారమైనది.

ఇక కాగితపు పేర్ల సంగతి. 1906 ఏప్రిల్ 18వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కోలో భూకంపము వచ్చి, వెంటనే అగ్ని రేగి, నగరము తగులబడెను. జననమరణముల పుస్తకములును బూడిదయయ్యెను. అప్పుడు చైనావారు పలువురు, మేమిక్కడనే పుట్టితిమి, పుస్తకములు కాలిపోయినవి అని చెప్పి పౌరులైరి. పౌరునికి చైనాలో పుట్టిన కొడుకు పౌరుడే. కనుక స్వదేశమునకు పోయివచ్చినప్పుడెల్ల, కొడుకు పుట్టెనని వ్రాయించుచుండిరి. పుట్టని కొడుకుల పేర్లు కాగితములలో నిలిచినవి. ఆ పేర్లను కొని, అన్యుల బిడ్డలు ఓడలెక్కిరి. వెల సాధారణముగ వయస్సులో ఏటికి నూరు డాలర్లు. వీరిని 'కాగితపు కొడుకులు' అందురు.

అధికారులు ఈ మర్మము కనిపెట్టిరి. 1910 మొదలు 1940 వరకు ఏంజెల్ దీవిలో వచ్చినవారిని కొయ్యయిండ్లలో నిర్బంధించి ప్రశ్నించిరి. ఆ ప్రశ్నలు వినుడు. మీ యింటి గుమ్మము ఏదిక్కున కున్నది? మెట్లెన్ని? మీ వరుసలో మూడవయిల్లు ఎవరిది? ఊరిబావి ఎంతదూరము? మీ అవ్వ పాదములు కట్టినవా, విడిచినవా? ఇవే ప్రశ్నలు తండ్రినని చెప్పుకొన్నవానిని వేరుగ అడుగుదురు. జవాబులు కలిసినగాని విడువరు. ఆ పిల్లలు ఎన్నడును చూడని యూరి పటమును, ఎవరివో తాతముత్తాతల పేర్లను ఓడలో వల్లెవేసి, వ్రాతకాగితములను ఓడ దిగకమునుపే సముద్రములో పారవేయుచుండిరి. తమ యూరిబావిని మరచి పరాయివారి యూరిబావిని బ్రతికినన్నాళ్లు జ్ఞాపకముంచుకొనవలసివచ్చెను. నిర్బంధములో వారములు, నెలలు గడపినవారు గోడలపై పద్యములు చెక్కిరి. ఆ గోడలను నేడును చూడవచ్చును, నేను చూచితిని.

భోజనశాలలు ఇంత విరివిగా పెరుగుటకు మరియొక కారణము కలదు. వర్తకుడు తానును రావచ్చును, భార్యాబిడ్డలను తేవచ్చును గదా. పూటకూళ్లయిల్లు నడుపువాడు కూలివాడా, వర్తకుడా? 1915లో నొక న్యాయస్థానము, భోజనశాల యజమానియు వర్తకుడే కావచ్చునని తీర్పు చెప్పెను. అయితే నియమములు కఠినము. శాల మేలైనదిగా నుండవలెను. యజమాని యేడాది తానే వ్యవహారము చూడవలెను. ఆ కాలమున వంటచేయుట, వడ్డించుట, గిన్నెలు తోముట వంటి కూలిపని చేయరాదు. ఇద్దరు తెల్లవారు సాక్ష్యమీయవలెను. కాంటన్ సీమవారు చుట్టములును ఊరివారును చీటిపాటవలె డబ్బు కూడవేసి శాల తెరచి, యేడాదికొకరు చొప్పున యాజమాన్యపు కుర్చీలో కూర్చుండిరి. ఒకడు కోటు తొడుగుకొని తన కాగితములు సంపాదించుకొనును. మిగిలినవారు గిన్నెలు తోముదురు. పిమ్మట వంతు మారును. చైనా భోజనశాలలు అమెరికాలోని పట్టణముపట్టణమున వెలసినది ఆ కాలముననే.

ఆ శాలలలో అమెరికావారు మరగిన కూర 'చాప్ సూయి'. ఆ మాటకు కలగలుపు ముక్కలని యర్థము. మన కలగూర యన్నమాట. 1896లో చైనామంత్రి లీ హుంగ్‌చాంగ్ అమెరికాకు వచ్చినప్పుడు అతనివంటవాడు దీనిని కనిపెట్టెనను కథ ప్రచారములో నున్నది గాని, అంతకు పదియేండ్లకు మునుపే ఆ పేరు అచ్చటి పత్రికలలో కనబడుచున్నది. మంత్రిగారి మహిమ చెప్పినచో కూర బాగుగా అమ్ముడుపోవునని యెవరో కల్పించియుందురు.

ఆ డబ్బు ఊళ్లకు పోయెను. నాలుగు తాలూకాలలో నొకటియైన కైపింగునందు, దొంగలకును వరదలకును వెరచి, పరదేశపు సంపాదనతో కట్టిన ఎత్తైన బురుజుమేడలు నేటికిని సుమారు 1,800 నిలిచియున్నవి. వానిలో కొన్నింటిని 2007లో ప్రపంచ వారసత్వ స్థానముగ గుర్తించిరి. కట్టించినవారిలో పలువురు వానిలో పట్టుమని పదినెలలు కాపురముండలేదు.

1924లో చట్టము మరియు బిగిసి, పౌరులైన చైనావారి భార్యలకును ప్రవేశము లేకపోయెను. ఈ నిషేధము చైనావారితో ఆగలేదు. 1917 చట్టము మనవారి రాకను అడ్డగించెను. 1923లో న్యాయస్థానము భారతీయులు అమెరికాపౌరులు కారాదని చెప్పెను. ఆ యేడే మన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు చదువునకై ఆ దేశమున అడుగిడిరి. లోకమునకు గొప్పమందులను సమకూర్చిన ఆ మహనీయుడు ఇరువదియైదేండ్లు అచ్చట పనిచేసి, 1948లో, ఆ దేశపు పౌరుడు కాకయే మరణించెను. రెండవ ప్రపంచయుద్ధములో చైనా తమకు మిత్రరాజ్యమైనందున 1943లో అమెరికావారు చైనానిషేధమును రద్దుచేసి యేటికి 105 మందిని రానిచ్చిరి. 1946లో మనకు ఏటికి 100. జాతినిబట్టి లెక్కపెట్టు ఆ పద్ధతి 1965లో గాని పోలేదు. మా అమ్మాయి నేడు అచ్చట కాపురమున్నదన్నచో, అది ఆ తలుపు తెరచినపిమ్మటి మాట.

కాగితపు కొడుకులకు 1956 మొదలు ప్రభుత్వము ఒక యవకాశమిచ్చెను: నిజము ఒప్పుకొన్నవారికి వీలైనంతవరకు ఉండుటకు అనుమతి యిత్తుమని. వేలకొలది జనులు ఒప్పుకొని తమ యింటిపేర్లు తిరిగి పొందిరి. కాని ఒకడు ఒప్పుకొన్నచో, అదే కాగితముతో వచ్చినవారందరి గుట్టును బయటపడును. పలువురు నోరు మూసికొనియే యుండిరి.

నేను తిరిగివచ్చుటకు ముందుదినమున ఆ భోజనశాలకు పోయితిని. మధ్యాహ్నపు సందడి తగ్గియుండెను. యజమాని నా యెదుట కూర్చుండి, అడుగకయే, చెప్పెను. ఆయన తాత పదునారవయేట ఒక కాగితము కొనుక్కొని వచ్చెనట. ఏంజెల్ దీవిలో ఏడువారములుండెనట. ఇతరుల వంటయిండ్లలో ముప్పదియేండ్లు పనిచేసి, పిమ్మట ఈ శాల తెరచెనట. ఒప్పుకొనుకాలము వచ్చినప్పుడు, తన మాటవలన అన్నయని పిలిచిన పరాయివాని బిడ్డలకు చేటు వచ్చునని ఒప్పుకొనలేదట. "మా తాత సమాధిరాతిపై ఆంగ్లమున ఒక పేరు, చైనాలిపిలో ఒక పేరు చెక్కించితిమి. నా బిడ్డలు ఆంగ్లపు పేరే చదువగలరు" అని యాయన కొంచెముసేపు ఊరకుండెను.

పిమ్మట నా యింటిపేరేమని యడిగెను. చెప్పితిని. దాని కర్థమేమనెను. అది యొక యూరిపేరు; మా పూర్వులు ఏకాలముననో విడిచివచ్చిన యూరు; నేనెన్నడును దానిని చూడలేదు అని చెప్పితిని. "ఊరు పోయినను పేరు మిగిలినదా!" అని యాయన రెండుమారులు అనెను. నేనేమియు బదులు చెప్పలేకపోతిని. మన యింటిపేర్లలో నిట్టి యూరిపేర్లెన్నియో కలవు. వానికై మనమేవెలయు నీయలేదు. వారు కడుపునకై దానినే యమ్ముకొనవలసివచ్చెను. అమ్ముకొన్నవారు పటము క్రింద, సమాధిరాతిమీద, చదువువారు లేకున్నను, వ్రాసి దాచుకొనిరి.

లేచునప్పుడు వారి యాచారముచొప్పున కమలాపండు తొనలు కోసి పళ్లెములో తెచ్చియిచ్చెను. నేను రెండు వ్రేళ్లతో బల్లమీద తట్టితిని. వెలుపలికి వచ్చి, అన్నినాళ్లు చూచియు చూడని ఆ శాల పేరుపలకను తలయెత్తి చూచితిని. పైన ఆంగ్లాక్షరములు, క్రింద చైనా అక్షరములు. రెండును ఒకే పేరని నేనింతకాలము తలచితిని. పటము క్రింద చూచిన అక్షరమే ఆ క్రిందివరుసలో మొదట నున్నది.